ఎన్నికల కేసుల్లో కోర్టు తలుపు ఎప్పుడు తెరిచి ఉంటుంది?

(అమలాపురంలో జరిగిన ఓటర్ల అవగాహన సభలో ఒక సీనియర్ న్యాయవాది చేసిన ప్రసంగం ఇది. ఆ సాయంత్రం రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, బార్ అసోసియేషన్ మిత్రులకు, కాలేజీ పిల్లలకు నమస్కారం అండి. ఎన్నికల కేసుల గురించి మాట్లాడమన్నారు. చాలా ఏళ్లుగా ఈ కేసులు చూస్తున్నాను. నా దగ్గరకు ఈ కేసులతో వచ్చేవాళ్లు ఎక్కువగా ఎప్పుడొస్తారో తెలుసా అండి? పోలింగ్ రోజు మధ్యాహ్నం వస్తారు. చేతిలో ఓటరు కార్డు ఉంటుంది, జాబితాలో పేరుండదు. "లాయరు గారూ, ఏదో ఒకటి చేయండి, సాయంత్రం ఆరింటికి అయిపోతుంది" అంటారు. ఆ రోజు నేను చేయగలిగింది ఏమీ లేదు. ఏమీ లేదండి. హైకోర్టుకు వెళ్లినా లేదు, సుప్రీంకోర్టుకు వెళ్లినా లేదు. ఎందుకు లేదు? మన దేశంలో ఇంత పెద్ద కోర్టులుండి, ఒక మనిషి ఓటు పోతుంటే ఆపలేవా? నన్ను చాలామంది కోపంగా అడిగిన ప్రశ్న ఇది. కోపం న్యాయమే. సమాధానం కోసం 1952కి వెళ్లాలి.

అప్పుడు మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. మొదటి సాధారణ ఎన్నికలు. సేలం జిల్లా నామక్కల్‌లో పొన్నుస్వామి అనే ఆయన నామినేషన్ వేస్తే రిటర్నింగ్ అధికారి తిరస్కరించారు. ఆయన మద్రాసు హైకోర్టుకు వెళ్లారు. గుర్తుంచుకోండి, అప్పుడు మన హైకోర్టు కూడా అదే. హైకోర్టు కాదంది. సుప్రీంకోర్టుకు వెళ్లారు, అక్కడా కాదన్నారు. ఎందుకు? రాజ్యాంగంలో 329వ అధికరణం ఉంది. ఎన్నికను ప్రశ్నించాలంటే ఎన్నికల పిటిషన్ ద్వారానే, అంటే ఫలితం వచ్చాక వేసే కేసు ద్వారానే ప్రశ్నించాలి, మరో దారి లేదు అంటుంది. సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. ఎన్నిక అంటే పోలింగ్ ఒక్కటే కాదు, నోటిఫికేషన్ దగ్గర్నుంచి ఫలితం ప్రకటించేదాకా మొత్తం ఎన్నికే అంది. ఆ మధ్యలో కోర్టులు చేయి పెడితే దేశంలో ఏ ఎన్నికా టైముకి పూర్తి కాదు. అది వాళ్ల భయం. అది కూడా న్యాయమైన భయమే.

కాబట్టి ఏం తేలింది? నోటిఫికేషన్‌కు ముందు తలుపు తెరిచి ఉంటుంది. ఫలితం వచ్చాక కొన్నాళ్లు తెరిచి ఉంటుంది. మధ్యలో మూసి ఉంటుంది. మనం సరిగ్గా మూసి ఉన్నప్పుడే వెళ్లి తడుతున్నాం. ఈ సాయంత్రం నేను చెప్పేదంతా ఈ ఒక్క విషయం చుట్టూనే ఉంటుంది.

మొదట నియోజకవర్గాల గీతల సంగతి చూద్దాం. ఇక్కడ ఆలమూరు వాళ్లున్నారా? ఉన్నారు. అల్లవరం వాళ్లు? తాళ్లరేవు నుంచి ఎవరైనా? గోదావరి దాటి పెనుగొండ నుంచి కూడా వచ్చినట్టున్నారు, సంతోషం. మీ అందరికీ ఒకటే ప్రశ్న. 2004లో మీరు ఏ నియోజకవర్గంలో ఓటేశారు? మీ ఊరి పేరుతోనే నియోజకవర్గం ఉండేది కదా. 2009కి వచ్చేసరికి ఏమైంది? ఆలమూరు మండలం కొత్తపేటలో కలిసింది. అల్లవరం అమలాపురంలో కలిసింది. తాళ్లరేవు ముమ్మిడివరంలో, పెనుగొండ ఆచంటలో, అత్తిలి తణుకులో కలిశాయి. ఉభయ గోదావరి జిల్లాలకు అప్పటిదాకా 37 అసెంబ్లీ సీట్లు, తూర్పులో 21, పశ్చిమలో 16. తర్వాత 34 అయ్యాయి, తూర్పులో 19, పశ్చిమలో 15. ఉమ్మడి రాష్ట్రం మొత్తం 294 మాత్రం అలాగే ఉంది. మరి మన మూడూ ఎక్కడికి పోయాయి? జనం పెరిగిన చోటికి, హైదరాబాద్ చుట్టుపక్కలకు పోయాయి. ఇందులో మోసం ఏమీ లేదు. 2001 జనాభా లెక్కల ప్రకారం జిల్లాలకు సీట్లు మళ్లీ పంచారు. నేను మోసం జరిగిందని చెప్పడం లేదు. జరిగినప్పుడు మనం ఎక్కడున్నాం అని అడుగుతున్నాను.

రిజర్వేషన్లు కూడా అప్పుడే మారాయి. అమలాపురం అసెంబ్లీ, రాజోలు అంతకుముందు జనరల్, 2009 నుంచి ఎస్సీ రిజర్వుడు. ముమ్మిడివరం, ఆచంట అంతకుముందు ఎస్సీ, తర్వాత జనరల్. దీనికీ చట్టంలో సూత్రం ఉంది. 2002 డీలిమిటేషన్ చట్టం, అంటే నియోజకవర్గాల పునర్విభజన చట్టం, 9వ సెక్షన్ చూడండి. ఎస్సీ సీట్లు రాష్ట్రంలో వేర్వేరు ప్రాంతాల్లో ఉండాలి, అలాగే ఎస్సీ జనాభా శాతం ఎక్కువున్న చోట ఉండాలి. నియోజకవర్గం భౌగోళికంగా ఒక్కచోట కుదురుగా ఉండాలి, నదులు, కొండలు, రాకపోకలు, ప్రజల సౌకర్యం చూసుకోవాలి. మన దగ్గర ఈ చివరి మాట ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. ఒక లంక ఊరిని పాయకు అటు కలపాలా, ఇటు కలపాలా అన్నది కాగితం మీద చిన్న గీత. ఎమ్మెల్యే ఆఫీసుకు పంటు ఎక్కి వెళ్లాలా, రోడ్డు మీద వెళ్లాలా అన్నది ఆ ఊరి ముసలమ్మకు రోజు కూలి లెక్క.

ఆ గీతలు గీసింది జస్టిస్ కుల్దీప్ సింగ్ కమిషన్. సుప్రీంకోర్టు మాజీ జడ్జి అధ్యక్షుడు, ఎన్నికల సంఘం సభ్యుడొకరు, రాష్ట్ర ఎన్నికల కమిషనర్ ఒకరు. ప్రతి రాష్ట్రం నుంచీ ఐదుగురు ఎంపీలు, ఐదుగురు ఎమ్మెల్యేలు పక్కన కూర్చుంటారు, సలహా చెబుతారు, వాళ్లకు ఓటు లేదు. ముసాయిదాను గెజిట్‌లో వేయాలి, పత్రికల్లో వేయాలి, అభ్యంతరాలు తీసుకోవాలి, బహిరంగంగా విచారించాలి. అన్నీ జరిగాయి. పార్టీలవాళ్లు వెళ్లారు. నా ఎరుకలో ఒక మామూలు రైతు, ఒక మామూలు టీచరు కాగితం పట్టుకుని వెళ్లినట్టు లేదు. 2008 ఫిబ్రవరిలో రాష్ట్రపతి ఉత్తర్వుతో అది అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత మన సీటు పోయిందని, మా ఊరు అటు పోయిందని నన్ను ఎంతమంది అడిగారో!

అప్పుడు కోర్టుకు వెళ్తే? 1966లో మేఘరాజ్ కొఠారీ కేసు ఉంది. ఉజ్జయిని ఆయన. తాను పోటీ చేయాలనుకున్న సీటును రిజర్వు చేశారని వెళ్లారు. సుప్రీంకోర్టు ఏమంది? కమిషన్ తుది ఉత్తర్వు గెజిట్‌లో వచ్చాక అది చట్టమే, 329(ఎ) ప్రకారం దాన్ని కోర్టులో ప్రశ్నించలేరు అంది. దాన్ని పార్లమెంటు ముందు పెడతారు, కానీ పార్లమెంటు కూడా మార్చలేదు. పార్లమెంటే మార్చలేనిది! చాలా ఏళ్ల తర్వాత, 2024లో, గుజరాత్ బార్డోలీ సీటు గురించి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు కొంచెం సడలించింది. ఉత్తర్వు మరీ ఏకపక్షంగా, రాజ్యాంగ విలువలకు పొసగకుండా ఉంటే కోర్టు చూడొచ్చు అంది. అది మంచి తీర్పు. కానీ అంత దూరం వెళ్లి నిరూపించేకంటే, ముసాయిదా వచ్చినప్పుడు అర్జీ పెట్టడం ఎంత తేలిక?

ఇంకో విషయం. జిల్లా గీత వేరు, నియోజకవర్గం గీత వేరు. చాలామంది కలిపేస్తున్నారు. జిల్లా గీతలను రాష్ట్ర ప్రభుత్వం మారుస్తుంది. 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు కొవ్వూరు, నిడదవోలు, గోపాలపురం పశ్చిమ గోదావరి నుంచి తూర్పు గోదావరికి వచ్చాయి. వాళ్ల ఎంపీ సీటు మాత్రం మారలేదు, 2009 నుంచే రాజమండ్రి. తాళ్లరేవు వాళ్లకు కలెక్టరు కాకినాడలో, ఓటు ముమ్మిడివరంలో. ఆ జిల్లాల మార్పులో కూడా అభ్యంతరాలకు ముప్ఫై రోజులిచ్చారు. మన కోనసీమ జిల్లా పేరుకు అంబేడ్కర్ పేరు చేర్చే విషయంలో కూడా 2022 మేలో ముసాయిదా ఇచ్చి ముప్ఫై రోజులు గడువిచ్చారు. ఆ గడువు నడుస్తుండగానే, మే 24న, ఇదే ఊళ్లో ఇళ్లు తగలబెట్టారు. మనందరం చూశాం. ఆ రోజు కేసుల్లో ఇరుక్కున్న కుర్రాళ్ల తల్లులు మా ఆఫీసుల చుట్టూ ఎంత తిరిగారో మా బార్‌లో అందరికీ తెలుసు. చట్టం ఒక తెల్లకాగితం మీద అభిప్రాయం రాయమంది. రాయడానికి ఇంకా రోజులున్నాయి. ఇది చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ మనసు బాగుండదు.

గీత తప్పితే మనిషి పరిస్థితి ఏమవుతుందో చూడాలంటే మనకు ఎగువన, పాపికొండలకు అవతల చూడండి. 2014లో పోలవరం ముంపు కోసం ఖమ్మం జిల్లా మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. చింతూరు, కూనవరం, వీఆర్‌పురం, కుక్కునూరు, వేలేరుపాడు. కానీ ఆ ఏడాది అక్కడివాళ్లు ఓటేసింది తెలంగాణ అసెంబ్లీకి. అంటే వాళ్ల రేషను, పట్టా, పింఛను ఇక్కడ. వాళ్ల ఎమ్మెల్యే అక్కడి అసెంబ్లీలో. వాళ్ల కష్టం మీద ఆంధ్ర అసెంబ్లీలో ప్రశ్న అడిగే ఎమ్మెల్యే వాళ్లకు లేడు. ఇది ఒకరోజూ రెండ్రోజులూ కాదు. 2018లో ఎన్నికల సంఘం వాళ్లను రంపచోడవరం, పోలవరం నియోజకవర్గాల్లో చేర్చేదాకా అంతే. ఊరు మునుగుతుందంటే గొడవ పెట్టాల్సిన కాలంలో వాళ్ల తరఫున గొంతు లేకుండా పోయింది. నియోజకవర్గం గీత అంటే రాజకీయ నాయకుల సీట్ల గొడవ అనుకునేవాళ్లు ఒకసారి కూనవరం వెళ్లి అడగండి.

ఇప్పుడు అందరూ అడిగేది, మన రాష్ట్రంలో సీట్లు 175 నుంచి 225 అవుతాయా? విభజన చట్టం 26వ సెక్షన్లో ఉంది కదా? ఉంది. తెలంగాణకు 119 నుంచి 153 అని కూడా ఉంది. కానీ ఆ సెక్షన్ "రాజ్యాంగం 170వ అధికరణానికి లోబడి" అని మొదలవుతుంది. ఆ అధికరణం ఏమంటుంది? 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కల దాకా సీట్ల సంఖ్య కదపొద్దంటుంది. 1976లో 42వ సవరణతో ఆపారు, 2001లో 84వ సవరణతో ఇంకా పొడిగించారు. జమ్మూకశ్మీర్‌కు చేశారు, మాకెందుకు చేయరని సుప్రీంకోర్టుకు వెళ్తే 2025 జులైలో కొట్టేశారు. కశ్మీర్ కేంద్రపాలిత ప్రాంతం, రాష్ట్రాలకున్న ఆ అధికరణం దానికి వర్తించదు అన్నారు. న్యాయపరంగా అది సరైన తీర్పేనని నా అభిప్రాయం. ఆశ పెట్టుకున్నవాళ్లకు బాధ కలగొచ్చు.

ఈ ఆపడం వల్ల ఇంకో ఇబ్బంది ఉంది. రాష్ట్రాల మధ్య లోక్‌సభ సీట్ల పంపకం ఇప్పటికీ 1971 జనాభా మీదే నడుస్తోంది. జనాభాను అదుపు చేసిన రాష్ట్రాలకు సీట్లు తగ్గకూడదని అలా పెట్టారు. ఆ ఆలోచన మంచిదే, మనలాంటి రాష్ట్రాలకు అది రక్షణ. కానీ ఒకే ఉమ్మడి రాష్ట్రంలో గీసిన సీట్ల మధ్య? 2019లో మల్కాజిగిరిలో 31 లక్షల పైచిలుకు ఓటర్లు, మన అమలాపురంలో అందులో సగం కూడా లేరు. రెండు చోట్లా ఎంపీ ఒక్కడే. తదుపరి జనాభా లెక్కలకు 2027 మార్చి 1ని గణన తేదీగా ప్రకటించారు. అంటే ఆ లెక్కల తర్వాత మళ్లీ గీతలొస్తాయి, ముసాయిదా వస్తుంది. మన సీట్లు ఇంకా తగ్గుతాయా, లంకలు ఎటు పోతాయి, రిజర్వేషన్లు ఎలా మారతాయి? అప్పుడైనా మనం ఆ ముసాయిదా చదవాలి కదండీ.

మీ పిల్లలు చాలామంది డల్లాస్‌లోనూ హ్యూస్టన్‌లోనూ ఉన్నారు కాబట్టి అక్కడి సంగతి రెండు మాటలు. అక్కడ చాలా రాష్ట్రాల్లో గీతలు గీసేది కమిషన్ కాదు, గెలిచిన పార్టీ ఎమ్మెల్యేలే. అంటే ఓటర్లను నాయకులే ఎంచుకుంటారు. టెనెసీలో 1901 నుంచి అరవై ఏళ్లు గీతలు మార్చలేదు. 1962లో బేకర్ వర్సెస్ కార్ కేసులో వాళ్ల సుప్రీంకోర్టు ఇది మేం వినగలం అంది. రెండేళ్లకు, 1964లో, నియోజకవర్గాల్లో జనాభా దాదాపు సమానంగా ఉండాలంది. కానీ 2019లో అదే కోర్టు, పార్టీ లాభం కోసం గీతలు వంకరగా గీస్తే మాత్రం ఫెడరల్ కోర్టులు చూడవు అంది. ఫలితం ఏమిటో 2025లో చూశాం. జనాభా లెక్కలు లేకుండానే, పదేళ్ల మధ్యలోనే టెక్సస్ గీతలు మార్చింది, దానికి జవాబుగా కాలిఫోర్నియా మార్చుకుంది. మన పద్ధతిలో కమిషన్ ఉండటం ఎంత విలువైందో అక్కడ చూస్తే తెలుస్తుంది. కమిషన్‌ను కాపాడుకోవాలి.

ఓటరు జాబితా

పోలింగ్ రోజు మధ్యాహ్నం వచ్చేవాళ్ల దగ్గరకు వద్దాం. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 23వ సెక్షన్. నామినేషన్ల చివరి తేదీ దాటాక జాబితాలో పేరు చేర్చడానికి వీల్లేదు, తీయడానికీ వీల్లేదు. అంటే పోలింగ్ రోజుకు ఆ జాబితా గడ్డకట్టి ఉంటుంది. కోర్టు కూడా కరిగించలేదు.

కోనసీమలో పేరు ఎలా పోతుందో నేను చూసిన ఒక జాబితా చెబుతాను. ఒక లంక ఊరు. సవరణ జాబితాలో పేరు పక్కన అక్షరం వేస్తారు. ఈ అంటే చనిపోయారు, ఎస్ అంటే ఊరు మారారు, ఆర్ అంటే రెండుసార్లు ఉంది. ఆ జాబితాలో వరసగా ఎస్, ఎస్, ఎస్. చూస్తే ఎక్కువమంది ఆడవాళ్లే. వాళ్లంతా కువైట్, మస్కట్ వెళ్లి ఇళ్లల్లో పనిచేసేవాళ్లు. ఒకావిడ సెలవుకి వచ్చి, ఓటేద్దామని బూత్‌కి వెళ్తే పేరు లేదు. పిల్లల పేర్లున్నాయి, భర్త పేరుంది, ఇంటి నంబరు అదే, ఆవిడ పేరు మీద అడ్డగీత. "ఇల్లు కట్టింది నా డబ్బుతోనండి, అదే ఇంట్లోంచి నా పేరు తీసేశారు" అంది. నాకు జవాబు దొరకలేదు.

చట్టం ఏమంటుంది? తాత్కాలికంగా ఊళ్లో లేనంత మాత్రాన నివాసం పోదు అని 20వ సెక్షన్లో ఉంది. విదేశాల్లో ఉద్యోగం చేసే భారతీయులు పాస్‌పోర్టులో ఉన్న చిరునామాతో ఫారం 6ఎ పెట్టుకుని ఓటరుగా ఉండొచ్చని 20ఎ చెబుతుంది. ఓటు మాత్రం వచ్చి వేయాలి. 1995లో లాల్ బాబూ హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు చాలా స్పష్టంగా చెప్పింది. ఒకసారి జాబితాలో ఉన్న పేరు తీయాలంటే ఆ మనిషికి నోటీసివ్వాలి, చెప్పుకునే అవకాశమివ్వాలి. కాబట్టి ఆవిడ విషయంలో చట్టం ఆవిడ పక్షానే ఉంది. లేనిది టైము. పేరు తీసేసిన ఉత్తర్వు మీద పదిహేను రోజుల్లో కలెక్టరుకు అప్పీలు. అక్కడా కాదంటే ముప్ఫై రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి రెండో అప్పీలు. అది దాటాక మళ్లీ ఫారం 6 పెట్టుకుని కొత్త ఓటరులాగా మొదలెట్టాలి.

ఫారం 7 అని ఒకటుంది. ఫలానావాళ్ల పేరు తీసేయండి అని ఇంకొకరు పెట్టే దరఖాస్తు. 2019 ఎన్నికల ముందు మన రాష్ట్రంలో ఇవి లక్షల్లో వచ్చాయి. ఎవరి పేరుతో పెట్టారో వాళ్లకే తెలియకుండా పెట్టారన్న ఫిర్యాదులొచ్చి పోలీసు కేసులయ్యాయి. అప్పుడు నేను ఊళ్లోవాళ్లకు చెప్పింది ఒక్కటే, నోటీసు వస్తే బీఎల్వో, అంటే బూత్ స్థాయి అధికారి, ముందు సంతకం పెట్టి, నకలు తీసుకోండి.

2025లో బీహార్‌లో ప్రత్యేక సమగ్ర సవరణ చేశారు. ముసాయిదాలో దాదాపు 65 లక్షల పేర్లు రాలేదు. సుప్రీంకోర్టు ఆ సవరణను ఆపలేదు. కానీ రాని పేర్లన్నీ, ఎందుకు రాలేదో కారణంతో సహా, బూత్‌ల వారీగా బయటపెట్టమంది. ఆధార్‌ను కూడా గుర్తింపు పత్రంగా తీసుకోమంది. కొందరు ఇది చిన్న ఊరట అన్నారు. నా దృష్టిలో చిన్నది కాదు. పేరు పోయిందన్న సంగతి ఎన్నికలకు ముందే తెలిస్తే ఇంకా తలుపు తెరిచే ఉంటుంది.

ఒకవేళ పేరుంది, కానీ మీకంటే ముందే ఎవరో మీ ఓటు వేసేశారు. ఏం చేస్తారు? తిట్టుకుంటూ ఇంటికొచ్చేస్తారు. రాకండి. ప్రిసైడింగ్ అధికారిని టెండర్ ఓటు అడగండి. కాగితం బ్యాలెట్ ఇస్తారు, విడిగా కవరులో పెడతారు. మామూలు లెక్కింపులో అది కలవదు, నిజమే. కానీ 2008లో రాజస్థాన్ నాథ్‌ద్వారాలో సీపీ జోషి ఒక్క ఓటుతో ఓడిపోయారు. అలాంటిచోట ఎన్నికల పిటిషన్ వేస్తే ఆ కవరే సాక్ష్యం.

ఈవీఎంల గురించి అడుగుతారని తెలుసు. క్లుప్తంగా చెబుతాను. 2019 ఏప్రిల్‌లో చంద్రబాబు నాయుడు గారు, మిగతా ప్రతిపక్ష నాయకులు వేసిన కేసులో ఒక్కో అసెంబ్లీ సెగ్మెంటుకు ఒకటి కాకుండా ఐదు వీవీప్యాట్‌ల, అంటే వేసిన ఓటును చీటీ మీద చూపే మిషన్ల, చీటీలు లెక్కించమన్నారు. 2024 ఏప్రిల్ 26న మళ్లీ కాగితం బ్యాలెట్‌కు వెళ్లాలన్న కోరికను సుప్రీంకోర్టు తోసిపుచ్చింది, కానీ గుర్తులు ఎక్కించే యూనిట్లను 45 రోజులు సీలు వేసి ఉంచమంది. మిషన్ల మీద నాకు భయం తక్కువ. జాబితా మీదే ఎక్కువ భయం.

ఆ 45 రోజులు ఎక్కడి నుంచి వచ్చాయి? ఎన్నికల పిటిషన్ గడువు అది. ఫలితం వచ్చిన తేదీ నుంచి 45 రోజులు. పోలింగ్ సీసీటీవీ ఫుటేజీ కూడా కేసు లేకపోతే 45 రోజుల తర్వాత తీసేయొచ్చని 2025లో ఎన్నికల సంఘం చెప్పింది. అంటే గడువూ సాక్ష్యమూ ఒకేసారి అయిపోతాయి. ఒక్కరోజు ఆలస్యమైనా మన్నించే అధికారం హైకోర్టుకు లేదు. ఒంట్లో బాగోలేదు, కాలువకు గండి పడింది, ఏదీ పనికిరాదు. ఓడిన అభ్యర్థే వేయాలా? కాదు. ఆ నియోజకవర్గంలో ఏ ఓటరైనా వేయొచ్చు. రెండు వేల రూపాయలు డిపాజిట్ కట్టాలి. ఆరు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. అలా తేలడం అరుదు. ఐదేళ్లూ అయిపోయి పిటిషన్ నిరర్థకమైన కేసులు నేను చూశాను. ఇది మా వ్యవస్థ సిగ్గుపడాల్సిన విషయం, ఇక్కడున్న జూనియర్లు దీని గురించి ఆలోచించాలి.

డబ్బు

2024 మే 11, పోలింగ్‌కు రెండు రోజుల ముందు. తూర్పు గోదావరి జిల్లా నల్లజర్ల మండలం అనంతపల్లి దగ్గర లారీ గుద్దుకుని ఒక మినీ వ్యాను బోల్తా పడింది. లోపల అట్టపెట్టెలు. ఏడు పెట్టెల్లో ఏడు కోట్లు. ఆ డబ్బు ఎవరిదని నేను చెప్పను, చెప్పకూడదు. కానీ యాక్సిడెంట్ కాకపోతే ఆ పెట్టెల సంగతి మనకు తెలిసేదా?

అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి మన రాష్ట్రంలో 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. 2022లో పెంచారు. నలభై లక్షలంటే ఇక్కడ కొందరి ముఖాల్లో ఏమనిపిస్తోందో నాకు కనిపిస్తోంది. ఈ చట్టానికి పెద్ద కన్నం ఉంది. అభ్యర్థి ఖర్చుకు పరిమితి ఉంది, పార్టీ ఖర్చుకు లేదు. 1974లో కన్వర్ లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు ఈ కన్నం పూడ్చింది. అభ్యర్థికి తెలిసి, అతని కోసం పార్టీ పెట్టిన ఖర్చు కూడా అతని ఖాతాలోనే రాయాలంది. డబ్బున్న పార్టీ వాడికీ, లేనివాడికీ మధ్య పోటీ సమానంగా ఉండాలి కదా అంది. ఎంత గొప్ప తీర్పండి అది! ఆ ఏడాది తిరగకముందే చట్టం సవరించి దాన్ని పనికిరాకుండా చేశారు. 2003లో కొంత సరిచేశారు, పెద్ద నాయకుల ప్రయాణ ఖర్చుకు మినహాయింపు మాత్రం అలాగే ఉంది. పార్టీకి మొత్తం మీద పరిమితి ఇప్పటికీ లేదు.

అమెరికాలో ఇంకో దారి పట్టారు. ఖర్చుకు పరిమితి పెట్టడమే భావప్రకటనకు అడ్డం అన్నారు 1976లో. 2010లో సిటిజన్స్ యునైటెడ్ తీర్పుతో కంపెనీలు విడిగా ఎంతైనా ఖర్చు పెట్టుకోవచ్చన్నారు. మన సుప్రీంకోర్టు అదే భావప్రకటన హక్కు నుంచి వేరే మాట తీసింది. ఓటరుకు తెలుసుకునే హక్కుంది అంది. అభ్యర్థి ఆస్తులు, కేసులు అఫిడవిట్‌లో రాయాలన్న 2002 తీర్పు, 2003 తీర్పు ఆ హక్కు మీదే నిలబడ్డాయి. 2024 ఫిబ్రవరి 15న ఎన్నికల బాండ్ల పథకాన్ని ఐదుగురు జడ్జీలు కొట్టేసింది కూడా దాని మీదే. 2018 నుంచి ఆరేళ్లు ఏ కంపెనీ ఏ పార్టీకి ఎంతిచ్చిందో మనకు తెలియలేదు. పదహారు వేల కోట్ల పైన బాండ్లు అమ్ముడయ్యాయి. వివరాలివ్వడానికి స్టేట్ బ్యాంకు జూన్ దాకా గడువడిగితే, కోర్టు ఒప్పుకోలేదు. మార్చిలోనే బయటికొచ్చాయి, ఎన్నికలకు ముందే. ఆ తేదీ చూడండి. జూన్‌లో వచ్చుంటే ఫలితాలు కూడా అయిపోయేవి. కోర్టు ఆ వివరాలను ఓటరుకు మూడు నెలలు ముందే తెచ్చి ఇచ్చింది.

వెనక వరసలో మాస్టారు చేయెత్తారు. చెప్పండి మాస్టారూ. మన ఊళ్లో అభ్యర్థి ఎంత ఖర్చు రాశాడో మనం చూడొచ్చా అని అడుగుతున్నారు. తప్పకుండా చూడొచ్చు. ప్రతి అభ్యర్థికీ ఒక రిజిస్టరిస్తారు. తెల్ల పేజీల్లో రోజువారీ ఖర్చు, గులాబీ పేజీల్లో నగదు, పసుపు పేజీల్లో బ్యాంకు. కుర్చీకి ఎంత, షామియానాకి ఎంత, భోజనానికి ఎంత అని జిల్లా అధికారులు రేట్ల జాబితా పెడతారు. పరిశీలకుల మనుషులు మీటింగులు వీడియో తీసి తమ లెక్క విడిగా రాసుకుంటారు. అభ్యర్థి రాసినదానికీ దానికీ తేడా వస్తే నోటీసిస్తారు. ఫలితం వచ్చిన ముప్ఫై రోజుల్లో గెలిచినవాడూ ఓడినవాడూ జిల్లా ఎన్నికల అధికారికి, అంటే కలెక్టరుకు, మొత్తం లెక్క ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి అనర్హత. ఇది కాగితం మీది మాట కాదు. పత్రికల్లో డబ్బిచ్చి వేయించుకున్న వార్తల ఖర్చు చూపించలేదని 2011లో ఉత్తరప్రదేశ్‌లో ఒక ఎమ్మెల్యేను ఎన్నికల సంఘం అనర్హురాలిగా ప్రకటించింది.

ఆ లెక్క చూడటానికి ఫీజు ఎంతో తెలుసా మాస్టారూ? ఒక్క రూపాయి. ఎన్నికల నిర్వహణ నిబంధనల్లో 88వది. ఎవరైనా రూపాయి కట్టి చూడొచ్చు, ఫీజు కట్టి ధ్రువీకరించిన నకలు కూడా తీసుకోవచ్చు. లెక్కలొచ్చాక వాటిని ఎప్పుడు, ఎక్కడ చూడొచ్చో కలెక్టరేట్ బోర్డులో నోటీసు పెడతారు. మీ ఊరి మీటింగుకు ఎన్ని కుర్చీలు వేశారో మీకు తెలుసు, ఎన్ని బస్సులొచ్చాయో తెలుసు, ఎంతమంది తిన్నారో తెలుసు. ఆ రిజిస్టర్లో ఆ తేదీ పేజీ తీసి చూడండి. తేడా ఉంటే ఆ 45 రోజుల్లో నాలుగు రోజులు మిగిలుండగా కాదు, లెక్క బయటికొచ్చిన మొదటి వారంలోనే నా దగ్గరకో, ఇక్కడున్న మా జూనియర్ల దగ్గరకో రండి. నకలు, వీడియో, సాక్షుల పేర్లు పట్టుకుని రండి. ముప్ఫై రోజులకు లెక్క వస్తుంది, నలభై అయిదుకు గడువు అయిపోతుంది. మధ్యలో ఉండేది పదిహేను రోజులే, కాబట్టి ముందే వీడియోలు దాచుకోండి. ఇంకెవరైనా అడగాలా? ఆ అమ్మాయి, కాలేజీ అమ్మాయి, అడుగమ్మా.